అర్దియా నుంచి కబ్ద్‌కు: నడిచే జనరేటరు, వెనక పెద్దమామా

నా చేతిరాత బాగుండదు. ఒత్తులూ దీర్ఘాలూ పడాల్సిన చోట పడవు. మా ఊరి బడిలో ఐదో తరగతితో ఆపేసినవాణ్ణి. కాగితం మీద రాసి ఫోటో తీసి పంపితే ఈ పేజీ నడిపేవాళ్లు సరిచేసి వేస్తామన్నారు. అయినా తప్పులు మిగిలితే మన్నించండి. నలుగురిలో మాట్లాడటమే నాకు చేతకాదు, ఇక రాయడం సంగతి చెప్పాలా. అడిగారు కాబట్టి రాస్తున్నాను.

అడిగింది జగిత్యాల వైపు అతను. ఇప్పుడు కువైట్‌లో, అర్దియాలో ఒక ఇంట్లో డ్రైవరు. ఎవరి దగ్గరో నా నంబరు పట్టుకుని ఫోన్ చేశాడు. "కాకా, ఈ చలికాలం మా కఫీల్ కారవాన్ కబ్ద్ దాకా గుంజుకపోవాలె. దారిల జనరేటర్ నడుపుకుంటనే పోవచ్చునా? నువ్వు పాత మనిషివి గదా, జర చెప్పు" అన్నాడు. పోవచ్చు, కానీ పోకుంటేనే మేలు అన్నాను. "గదేం జవాబు కాకా" అని నవ్వాడు. నిజమే, అది జవాబు కాదు. నేను ఒక్కసారి అలా పోయాను. చలికాలంలో కాదు, ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చిన ఆ ఆగస్టులో. ఆ ఒక్క రోజు సంగతి రాస్తే అతనికీ, అలాంటి ప్రయాణం పెట్టుకున్న మీకూ పనికొస్తుందని కూర్చున్నాను.

కారవాన్ అంటే చక్రాల మీద ఒక చిన్న ఇల్లు. మంచం, గ్యాసు పొయ్యి, చిన్న ఫ్రిజ్, గోడలో ఏసీ ఉంటాయి. ఇంజన్ ఉండదు, బండికి తగిలించి లాగాలి. మా బాబా, అంటే వీసా ఇచ్చి నన్ను పనిలో పెట్టుకున్న నా కఫీల్, చలికాలం ఎడారిలో గుడారాలు వేసే రోజుల్లో దాన్ని కబ్ద్‌లో తమ తోటకు పంపేవాడు. మిగతా కాలమంతా అర్దియాలో ఇంటి వెనక గోడ నీడన పడి ఉండేది. ఆ ఏడు కూడా ఎప్పట్లాగే బాబా, ఆయన భార్య, పిల్లలు ఎండాకాలం గడపడానికి వేరే దేశం వెళ్లారు. ఇంట్లో ముగ్గురమే మిగిలాం. ఒకరు బాబా తల్లి. అక్కడ ఇంటి ఆడమనిషిని మామా అంటారు, ఈమెను మేము పెద్దమామా అనేవాళ్లం. ఒక పక్క పడిపోయి మంచంలోనే ఉండేది, లేచి కూర్చోలేకపోయేది. ఆమెను చూసుకునే సుబ్బక్కది మాకు దగ్గరే, రాయచోటి పక్క ఊరు. నాకంటే ఏడెనిమిదేళ్లు పెద్దది. మూడోవాణ్ణి నేను.

సైనికులు మొదటి వారంలోనే వాకిట్లో ఉన్న రెండు మంచి కార్లూ తోలుకుపోయారు. తోట పనికి వాడే పాత వానెట్ ఒక్కటి వదిలేశారు. పికప్ బండిని అక్కడ వానెట్ అంటారు. దాని ఏసీ చెడిపోయి ఏళ్లయింది. తర్వాత మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. బాగుచేసే దిక్కు లేదు. ఆగస్టులో కువైట్‌లో ఏసీ లేని ఇల్లు ఎలా ఉంటుందో అక్కడ ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. మధ్యాహ్నానికి గోడ మీద చెయ్యి ఆనదు. వడ తగిలితే పెద్దమామా ఒక్క పూట కూడా తట్టుకోలేదని డాక్టరు ముందే చెప్పి ఉన్నాడు. అందుకని సుబ్బక్కా నేనూ ఆమెను పరుపుతో సహా ఎత్తుకెళ్లి కారవాన్‌లో పడుకోబెట్టాం. గుడారాలకు వాడే చిన్న పెట్రోలు జనరేటరు పక్కన పెట్టి ఏసీ నడిపాం. ఆ దడదడ మధ్యే కొన్నాళ్లు గడిచాయి.

పెట్రోలు తగ్గిపోతూ వచ్చింది. ఊళ్లో ఫోన్లు ఇంకా పనిచేస్తున్నాయి. కబ్ద్ తోటలో ఉన్న బాబా తమ్ముడు, మేము చిన్నబాబా అంటాం, ఫోన్ చేశాడు. "మా అమ్మను ఇక్కడికి తీసుకురా. ఇక్కడ బావి ఉంది, పెద్ద కరెంటు మిషను ఉంది, డీజిల్ ఉంది. నేను రాలేను. దారిలో కువైటీ మగవాళ్లను పట్టుకుపోతున్నారు. నువ్వు హిందీవి, నిన్ను వదిలేస్తారు" అన్నాడు. హిందీ అంటే అక్కడ ఇండియావాడని. ఫోన్ పెట్టేసి సుబ్బక్కకు చెప్పాను.

"ఏసీ లేకుండా ఆ రేకు డబ్బాలో ఆయమ్మ బతుకుతాదా తమ్ముడా?" అంది.

"ఏసీ నడుపుకుంటానే పోదాం అక్కా."

"బండి పోతాంటే మిషను నడుస్తాదా?"

"చూడాల."

"చూడాల అంటాడు. ఎప్పుడడిగినా అదే మాట నీది" అంది.

కారవాన్ ముక్కు దగ్గర, బండికి తగిలించే చోట, ఒక ఇనుప త్రికోణం ఉంటుంది. దాని మీద చెక్కపలక వేసి, పలక కింద పాత టైరు ముక్కలు పెట్టి, జనరేటరును బోల్టులతో బిగించాను. రబ్బరు లేకుంటే అదురుకు బోల్టులు గంటలో వదులవుతాయి. పైన గొలుసు కూడా చుట్టాను. అన్నిటికంటే ముఖ్యం పొగ. సైలెన్సరు కారవాన్ వైపు ఉంటే లోపలివాళ్లు నిద్రలోనే పోతారు. అందుకని దాన్ని రోడ్డు పక్కకు తిప్పి, ఇంకో గొట్టం తగిలించి బయటికి సాగదీశాను. ముందు కిటికీ మూసి సందులకు గుడ్డలు కూరాను, ఎండ పడకుండా బయట తడి గోనెపట్టా వేలాడదీశాను. పైకప్పు మీది గాలి మూత మాత్రం తెరిచే ఉంచాను. వానెట్ వెనక తొట్టిలో పరుపులు, బియ్యం, నీళ్ల డబ్బాలు పేర్చాం. దాంతో నా వెనక అద్దంలో ఏమీ కనపడకుండా పోయింది. పక్క అద్దాలే దిక్కు.

తెల్లవారుజామున నమాజు పిలుపు అవగానే బయల్దేరి ఎండ ముదరకముందే చేరాలని లెక్క వేసుకున్నాం. రాత్రిపూట తిరగనివ్వరు మరి. గేటు దాటామో లేదో కారవాన్ టైరు ఒకటి చీలిపోయింది. నెలల తరబడి ఒకే చోట నిలబడిన టైరు పైకి బాగానే కనిపిస్తుంది, లోపల పెళుసైపోయి ఉంటుంది. నడుచుకుంటూ అర్దియాలో బండ్లు బాగుచేసే షెడ్ల వైపు పోతే, సగం షట్టరు దించుకుని ఒక పఠాన్ కూర్చుని ఉన్నాడు. టైరు చూసి ఉర్దూలో, "ఇది నా గడ్డం కంటే ముసలిది. దీన్ని నమ్ముకుని ఎక్కడికి?" అన్నాడు. కబ్ద్ అన్నాను. పాత టైర్ల కుప్పంతా వెతికి సరిపోయేదాన్ని తీసి వేసి ఇచ్చాడు. మామూలు రోజుల్లో తీసుకునే కూలే తీసుకున్నాడు. ఆ రోజుల్లో అలా తీసుకున్నవాళ్లు తక్కువ. ఇంతా అయ్యేసరికి పొద్దు బాగా పైకొచ్చింది.

దారి చెబుతాను, ఇప్పటికీ అదే. అర్దియా నుంచి ఆరో రింగు రోడ్డు ఎక్కి జహ్రా వైపు పోవాలి. జహ్రా ఇంకా కొంత దూరం ఉండగా ఎడమకు కబ్ద్ దారి వస్తుంది. ఇప్పుడైతే కారులో ముప్పావు గంట కూడా పట్టదు. కారవాన్ లాగుతూ, పైగా జనరేటరు నడుపుతూ పోయేటప్పుడు అరవై దాటొద్దు. దాటితే కారవాన్ తోక ఊపడం మొదలుపెడుతుంది. నేను యాభైలో పోతున్నాను. కిటికీలోంచి వచ్చే గాలి పొయ్యి ముందు కూర్చున్నట్టుంది. వెనక జనరేటరు చప్పుడు ఒకటే తీరుగా వినిపిస్తోంది. ఆ చప్పుడు ఉన్నంతసేపూ పెద్దమామాకు భయం లేదు. నేను దారి కంటే దాన్నే ఎక్కువ విన్నాను.

కబ్ద్ మలుపుకు కాస్త ముందు సైనికులు ఆపారు. రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు, ముగ్గురు మనుషులు. వాళ్లలో పెద్ద మీసాలాయన వచ్చి, "హిందీ?" అన్నాడు. అవునని తల ఊపాను. అక్కడ ఉండటానికి ఇచ్చే కార్డు, ఇఖామా చూపించాను. దాన్ని సరిగ్గా చూడను కూడా చూడలేదు. కారవాన్ తలుపు తెరిచాడు. లోపలి చల్లగాలి ముఖానికి తగిలింది. అక్కడే కళ్లు మూసుకుని కొంచెంసేపు నిలబడిపోయాడు.

లోపలినుంచి పెద్దమామా గొంతు వినపడింది. "ఎవరది? తలుపు మూయి. చల్లదనమంతా ఎడారికి పంచుతున్నావు."

మీసాలాయన, "క్షమించమ్మా" అని తలుపు మూశాడు. మూసి నేరుగా జనరేటరు దగ్గరికి వచ్చాడు. దాని మీద చెయ్యి వేసి, కాలితే వెనక్కు తీసుకుని, మిగతా ఇద్దరితో ఏదో అన్నాడు. నాకు అర్థమైంది ఇంత: ఇది మనకు కావాలి, వైరు కోసి దించండి.

"వద్దు సార్. ముసలామె. జబ్బు మనిషి. మిషను లేకుంటే చనిపోతుంది" అన్నాను, నాకొచ్చిన అరబ్బీలో.

ఆయన షెడ్డు వైపు చూపించాడు. "మేము మనుషులం కాదా? అందులో వారం నుంచి ఉన్నాం. దగ్గర్లో జహ్రా ఉంది, అక్కడ కరెంటు ఉంది, అక్కడికి తీసుకుపో" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. అలా నెమ్మదిగా అన్న మాటకు ఎదురు చెప్పడం నాకు రాదు. చేతులు జోడించి నిలబడ్డాను.

అప్పుడు సుబ్బక్క దిగింది. చేతిలో స్టీలు గ్లాసు, అందులో మజ్జిగ. అక్కడ లబన్ అని దొరికే దాంట్లోనే నీళ్లు, ఉప్పు, నలిపిన పచ్చిమిరపకాయ వేసి మన తీరుగా చేస్తుంది. తలమీద గుడ్డ ముందుకు లాక్కుని, బెదురుగా, జనరేటరు పక్కగా చుట్టు తిరిగి వచ్చి గ్లాసు మీసాలాయనకు అందించింది. సుబ్బక్క బెదరడం నేను అంతకుముందు చూడలేదు. ఆయన ఒక గుక్క తాగి, కారానికి కళ్లు పెద్దవి చేసి, మళ్లీ తాగాడు.

గ్లాసు సగమయ్యేసరికి జనరేటరు చప్పుడు మారింది. దగ్గినట్టు రెండుసార్లు ఎగిరి ఆగిపోయింది.

అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. మీసాలాయన నావైపు చూశాడు. తాడు లాగాను. అంటుకోలేదు. ఇద్దరిలో ఒకడు నన్ను పక్కకు తోసి తాను లాగాడు, తర్వాత రెండోవాడు, తర్వాత మీసాలాయనే టోపీ తీసి పక్కన పెట్టి లాగాడు. ట్యాంకు ఊపి చూశాను, పెట్రోలు గలగలమంది. ప్లగ్గు విప్పి తుడిచి బిగించాను. మిషను పోయిందంటే లోపల ఆమె పోయినట్టే. నా ముఖం చూసే నమ్మారో ఏమో, మీసాలాయన దాన్ని బూటుతో ఒక్క తన్ను తన్ని, "ఖర్బాన్" అన్నాడు. చెడిపోయిందని. "ఖలాస్. యల్లా, పో."

సుబ్బక్క ఏదో చెప్పబోతున్నట్టు నాకేసి చూసింది. ఒక సైనికుడు ఆమెను తొందర పెట్టి కారవాన్‌లోకి ఎక్కించి తలుపు వేసేశాడు. నేను బండి ఎక్కాను.

మలుపు తిరిగాక నాకు ఒకటే ఆలోచన. ఆగి మిషను చూడాలా, ఉన్నపళంగా తోట దాకా లాగేయాలా? ఎడారి బల్లపరుపుగా ఉంటుంది. ఆగితే వాళ్లకు కనిపిస్తాను, మిషను బాగుపడితే మళ్లీ వస్తారు. లాగేయడానికే మొగ్గాను. యాభై కాస్తా డెబ్బై అయింది. కారవాన్ ఊగుతోంది. వెనక దబదబ ఏదో చప్పుడు. హుక్కు వదులైందేమో అనుకున్నాను, లేదా పఠాన్ వేసిన టైరేమో. ఆగడానికి ధైర్యం చాలలేదు. అలా కొంత దూరం పోయాక కుడి పక్క అద్దంలో ఏదో ఎగురుతూ కనిపించింది. కారవాన్ కిటికీలోంచి చీపురుకట్ట, దాని కొసకు సుబ్బక్క తలగుడ్డ. పక్కకు తీసి ఆపాను.

తలుపు తెరుచుకుని సుబ్బక్క దూకినట్టు దిగింది. ఒళ్లంతా చెమట.

"చెవుల్లో దూది పెట్టుకున్యావా అబ్బీ? గోడ పగిలేటట్టు గరిటెతో కొడ్తాండా" అంటూనే జనరేటరు దగ్గరికి పరుగెత్తి, ట్యాంకు కింద చెయ్యి పెట్టి పెట్రోలు ట్యాపు తిప్పింది. "ఇప్పుడు లాగు."

ఒక్క లాగుకు అంటుకుంది.

నేను నోరు తెరిచి చూస్తుంటే, "మా మెట్ట మీద ఆయిలింజను మాకొక్కరికే ఉండె. ఎండాకాలమొస్తే చాలు, దాయాదులంతా అడగను వస్తారు. ఇస్తే తిరిగి రాదు, ఇయ్యకుంటే మాట పడాల. గేటుకాడ వాళ్లను చూడంగానే మా అత్త పోయి ట్యాపు కట్టేసి వస్తాండె. వాళ్లు మాట్లాడతాంటేనే ఇంజను దానంతట అదే ఆగిపోతాది. అయ్యో చెడిపోయె నాయనా అంటాది. వాళ్లే నాలుగుసార్లు తిప్పి చూసుకుని పోతారు" అంది ఒక్క ఊపిరిలో. "నీకు చెప్పి చేస్తే నీ ముఖంలో తెలిసిపోతాది. రా, ఆయమ్మను చూద్దువు."

లోపల పెద్దమామా కళ్లు మూసుకుని ఉంది. ముఖం ఎర్రగా కందిపోయింది. నుదురు ముట్టుకుంటే పెనంలా ఉంది, చెమట చుక్క లేదు. పిలిస్తే పలకలేదు. సుబ్బక్క గుడ్డలు తడిపి మెడ కింద, చంకల్లో, కాళ్ల మీద వేస్తూ, "మామా, మామా" అంటోంది. నేను లోపల ఉండి చేసేదేమీ లేదు. కదిలిస్తే ఏమవుతుందోనని బండి తీయలేదు. బయటికొచ్చి, ఆ ఎండకు జనరేటరు వేడెక్కి మళ్లీ ఆగకుండా, దాని మీద గోనెపట్టా రెండు చేతులా గొడుగులా ఎత్తి పట్టుకుని నిలబడ్డాను. దాన్ని తాకనివ్వకుండా పట్టుకోవాలి, మీద వేస్తే అంటుకుంటుంది. ఎంతసేపు నిలబడ్డానో చెప్పలేను. చప్పుడు ఆగకూడదు, అంతే నాకు తెలిసింది. పడమట, సలమీ సరిహద్దు వైపు ఆకాశంలో దుమ్ము లేస్తూ ఉంది.

లోపల సుబ్బక్క నవ్వడం వినపడింది. నవ్వో ఏడుపో మొదట తెలియలేదు. తలుపు తెరిచి, "మాట్లాడింది తమ్ముడా" అంది.

"ఏమంది?"

"ఆ సిపాయి గ్లాసు తిరిగిచ్చినాడా అని అడుగుతాంది."

ఇవ్వలేదు. మా గ్లాసు ఆ షెడ్డు దగ్గరే ఉండిపోయింది. నేను బండి ఎక్కి, మళ్లీ యాభైలోనే పోతూ, తోట చేరేదాకా ఎక్కడా ఆపలేదు. చిన్నబాబా గేటు బయటే కాచుకుని ఉన్నాడు. కారవాన్ ఎక్కి తల్లి నుదుటి మీద ముద్దు పెట్టి, చాలాసేపు బయటికి రాలేదు. ఆ మధ్యాహ్నం తోటలో పనిచేసే ఈజిప్టు వంటాయన పెద్ద పళ్లెంలో అన్నం, కోడికూర తెచ్చి మా ముందు పెట్టాడు. "తినండి, మీ ముఖాలు చూస్తే వారం నుంచి తిననట్టున్నాయి" అన్నాడు. సుబ్బక్క నాతో, "ఉప్పు లేదు దీంట్లో" అని గుసగుసలాడింది. అంత రుచిగల అన్నం నేను మళ్లీ తినలేదు.

కొన్నాళ్లకు చిన్నబాబా వాళ్లు ఎడారి దారిన సౌదీ వైపు పోయారు. పెద్దమామా సుబ్బక్క చెయ్యి వదలలేదు, ఆమెను కూడా తీసుకుపోయారు. నేను మనవాళ్లతో కలిసి బస్రా, బాగ్దాద్, అమ్మాన్ మీదుగా ఇంటికి వచ్చాను. యుద్ధం ముగిశాక అదే కఫీల్ మళ్లీ వీసా పంపితే పోయాను. అర్దియా ఇంట్లో అడుగు పెట్టగానే వంటింట్లోంచి సుబ్బక్క, "వచ్చినావా, టీ తాగు" అంది, నిన్ననే చూసినట్టు. పెద్దమామా మంచం దగ్గరికి పిలిచి, పనిచేసే చేత్తో నా చెయ్యి పట్టుకుంది. "ఆ రోజు వెనక ఏం జరిగిందో నీకేం తెలుసు. నువ్వు ముందు కూర్చున్నావు" అని నవ్వింది. తర్వాత ఇంకా కొన్ని చలికాలాలు బతికింది. ప్రతి ఏడూ ఆమెను కబ్ద్‌కు నేనే తీసుకుపోయాను, మంచి ఏసీ ఉన్న పెద్ద బండిలో, పడుకోబెట్టి.

ఆమె సరదాకే అంది. కానీ ఆ మాట నాకు అలాగే ఉండిపోయింది. డ్రైవరు పని అంతా ముందుచూపే. ఎన్నో ఏళ్లు బండి తోలాను, ఎందరినో ఎక్కడికో చేర్చాను. వెనక కూర్చున్నవాళ్లు ఏ అవస్థలో ఉన్నారో, నన్ను గట్టెక్కించడానికి ఏం చేస్తున్నారో, చాలాసార్లు నాకు తెలియనే తెలియదు. ఆ రోజు ఆ ఇంటి తల్లిని బతికించింది బండి తోలినవాడు కాదు. మా వైపు నుంచి ఎవరైనా రాయచోటి మీదుగా పోతుంటే సుబ్బక్క ఎలా ఉందో కనుక్కురమ్మంటాను. మోకాళ్ల నొప్పులట. గొంతు మాత్రం అలాగే ఉందట.

జగిత్యాల తమ్ముడికీ మిగతావాళ్లకూ ఒక్క మాట చెబుతాను. నడిచే కారవాన్‌లో మనిషిని కూర్చోబెట్టొద్దు, మాకు ఆ రోజు వేరే దారి లేదు. అయినా తప్పనిసరై జనరేటరు నడుపుకుంటూ పోవాల్సి వస్తే, ఫోన్ ఉంది కదా అని నమ్ముకోవద్దు. పది పదిహేను కిలోమీటర్లకొకసారి పక్కకు ఆపి, దిగి, మీ చేత్తో తలుపు తట్టి లోపలివాళ్ల గొంతు వినండి. పొగ పట్టినా, వేడి పట్టినా మనిషికి ముందు పోయేది గొంతే.

మీ కారవాన్ ఎలా ఉంది, ఏ దారిన పోతున్నారు, చేరాక అంతా క్షేమమేనా, రెండు ముక్కలు రాయండి. నాకు చూపు తగ్గుతోంది, పెద్ద అక్షరాలతో రాయండి. ఆలస్యం చేయకుండా రాయండి, ఎదురుచూస్తుంటాను.